స్లాబు కింద చిన్న కుర్చీ

కిటికీ మీది సజ్జా విరిగి గురువమ్మ మీద పడిన పూట, తిమ్మరాయప్ప మనుషులు మొదట ఫోటో తీసింది గురువమ్మని కాదు, సజ్జాని. నాలుగు వైపుల నుంచీ తీశారు. కింద ఆమె నడుము పట్టుకుని కేకలు పెడుతుంటే, "ఆమెని కొంచెం పక్కకి జరపండప్పా, ఫోటోలో వస్తా ఉండాది" అన్నాడు సైటు ఇంజనీరు సోమశేఖర్. పెద్ద చదువు చదివినవాడు. అంత శుభ్రమైన బుద్ధి చదువుకుంటేగానీ రాదు.

మునిశంకర్ మేస్త్రి అప్పుడే రాబర్ట్‌సన్‌పేట నుంచి వచ్చి బండి దిగాడు. చేతిలో చిన్న అట్టపెట్టె, అందులో ఆ పొద్దున అచ్చయిన విజిటింగ్ కార్డులు. ఎ. మునిశంకర్, సివిల్ కాంట్రాక్టర్, కోరమండల్. పెట్టెను బండి మీదే వదిలేసి పరుగెత్తాడు. పనిలో ఉన్న ఆడవాళ్ళతో కలిసి పెడ్డలు ఎత్తి, గురువమ్మని సెంట్రింగ్ పలక మీద పడుకోబెట్టి ఆటోలోకి చేర్చాడు. ఎత్తేటప్పుడు ఒక పెడ్డ అతని వేళ్ళ మధ్యే పొడిపొడిగా రాలిపోయింది. మేస్త్రి కొడుకు, మేస్త్రి మనవడు. ఆ పొడి సంగతి అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కోరమండల్‌లో పాత బంగారు గని కూలీల ఇళ్ళ లైన్ల పక్కన అంగన్‌వాడీ కోసం కడుతున్న రెండు గదులవి. టెండరు తిమ్మరాయప్పది. తిమ్మరాయప్ప పుట్టి బుద్ధెరిగి ఒక ఇటుక ఎత్తిన మనిషి కాదు. తెల్లచొక్కా నలగకుండా కారులోంచి దిగి, కట్టడం చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ కారెక్కడమే ఆయన చేసే కట్టుబడి. ఇటుక పేర్చేదీ, ఇనుప కమ్మీ కట్టేదీ, స్లాబు పోసేదీ మునిశంకర్, అతని వెంట పన్నెండు మంది. సామాను తిమ్మరాయప్పది, చేతులు వీళ్ళవి. అందుకే మునిశంకర్ కూడా కాంట్రాక్టరేనట.

మునిశంకర్ తాత దొడ్డమునియప్ప చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలోపల ఇటుక కమాన్లు కట్టాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. కమాను కింద ఆనించిన గుంజలు లాగేసే రోజున, కట్టినవాడే దాని కింద నిలబడేవాడు. గుంజలన్నీ పోయాక, నెత్తిన మట్టి రాలలేదని చూసుకుని పక్కకి జరిగేవాడు. ఆ తరవాతే మిగతా జనం నడిచేవాళ్ళు. గని మూతపడ్డాక ఇళ్ళు కట్టిన నాన్న ఆదినారాయణప్ప కూడా ప్రతి స్లాబు కిందా అలాగే నిలబడ్డాడు. మునిశంకరూ నిలబడ్డాడు, తను సొంతంగా కట్టిన ప్రతి ఇంట్లోనూ. చేతులు కట్టుకుని, తల పైకెత్తి.

ఈ సజ్జా కింద మాత్రం నిలబడలేదు. గుంజలు ఇంకో సైటుకి కావాలని, పోసిన ఆరో రోజే సోమశేఖర్ లాగించేశాడు. ఆ పూట మన మేస్త్రి కార్డుల షాపులో తన పేరు ఎంత లావు అక్షరాల్లో ఉండాలో తేల్చుకుంటున్నాడు.

సిమెంటు తక్కువ పడుతోందని అతనికి తెలియదా? తెలుసు. ఒకసారి అడిగాడు కూడా. తిమ్మరాయప్ప భుజం మీద చెయ్యేసి, "నువ్వింగ కూలోడివి కాదప్పా, కాంట్రాక్టరువి. మనం మనం సర్దుకోవాల" అన్నాడు. ఆ చెయ్యి భుజం మీద పడగానే మనవాడు కరిగి నీరైపోయాడు. కట్టడ కార్మికుల సంఘం ఉమాదేవి సభ్యత్వం పుస్తకం పట్టుకుని సైటుకి వచ్చినప్పుడు, "మాకెందుకమ్మా సంఘం? మేము కాంట్రాక్టర్లం" అని పంపేశాడు. వెనక పన్నెండు మందీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున తిమ్మరాయప్ప ఒక కాగితం తెచ్చాడు. గురువమ్మ తనే అజాగ్రత్తగా గుంజ లాగిందనీ, కట్టుబడిలో ఏ లోపమూ లేదనీ అందులో రాసి ఉంది.

"సంతకం పెట్టప్పా."

"ఆయమ్మ గుంజ ముట్టలేదన్నా. ఇటుకలు మోస్తా పోతా ఉన్నింది."

"అట్లయితే ఎవురిది తప్పు? లేబర్ కాంట్రాక్టరు నువ్వే కదప్పా? పోలీసులు వచ్చి కాంట్రాక్టరు యాడ అంటే నిన్నే చూపించాల. పెడితే రాబోయే పనులన్నీ నీకే. పెట్టకపోతే ఈ తాలూకాలో నీకి ఇటుక పెట్టే చోటుండదు."

చూశారా ఈ మాట సొగసు! లాభంలో మేస్త్రి, నేరంలో కాంట్రాక్టరు. తిమ్మరాయప్పలు ఈ దేశంలో ఇన్నాళ్ళుగా బతుకుతున్నది ఈ తెలివి మీదే. కాగితం మడిచి మునిశంకర్ జేబులో పెట్టి, ఆదివారం పొద్దునకల్లా కావాలని చెప్పి వెళ్ళాడు. ఆ ఆదివారమే లోపలి పెద్ద స్లాబు కింద సెంట్రింగ్ గుంజలు విప్పాలి. సోమవారం ఎవరో నాయకుడు రిబ్బను కత్తిరిస్తాడు.

జేబులో ఆ కాగితంతోనే మునిశంకర్ ఆసుపత్రికి వెళ్ళాడు. గురువమ్మ తుంటి ఎముక విరిగింది. ఇంక తట్ట మొయ్యలేదని డాక్టరు చెప్పేశాడు. ఆమె ఆదినారాయణప్ప కాలం నుంచీ వాళ్ళ పనిలోనే ఉంది. మునిశంకర్ తాపీ పట్టుకోవడం నేర్చుకుంటున్నప్పుడు మాలు కలిపి అందించింది ఆమే.

"నా నడుము సంగతి అట్లుండనీ శంకరా," అంది. "ఒక మాట అడగతాను, నిజం చెప్పు. లోపల పెద్ద స్లాబు ఉండాది కదా. ఆదివారం గుంజలు ఇప్పేటప్పుడు దాని కింద నువ్వు నిలబడ్తావా?"

మునిశంకర్ జేబులో కాగితాన్ని చేత్తో అదుముకున్నాడు.

"మీ నాయన అయితే నేను అడగక ముందే నిలబడేటోడు," అంది గురువమ్మ. "నువ్వు నిలబడలేని చోట రేపు పిల్లోళ్ళని కూర్చోబెడతారు. సంతకం పెడతావో, పెట్టవో, నీ ఇష్టమప్పా."

ఆమె కసిరి ఉంటే తేలికగా ఉండేది. ఆ సాయంత్రమే లైన్లలో జరుగుతున్న సంఘం మీటింగుకి వెళ్ళాడు. నలభై, యాభై మంది నేల మీద కూర్చుని ఉన్నారు, సగానికి పైగా ఆడవాళ్ళు. ఉమాదేవి అతన్ని చూసి లేచి నిలబడింది.

"రండి కాంట్రాక్టరు సార్! ఎవురైనా కుర్చీ ఎయ్యండమ్మా, సారు కింద కూర్చుంటే కార్డు నలిగిపోతుంది."

జనం ఘొల్లుమన్నారు. మునిశంకర్ నేల మీదే కూర్చున్నాడు.

"నవ్వండి, నాకి కావాల్సిందే," అన్నాడు. "ఆ స్లాబు నేను పోసినాను. సిమెంటు తక్కువ. కమ్మీ తక్కువ. ఇసుక పేరు చెప్పి రాతి క్రషర్ పొడి ఏసినారు. తెలిసీ నోరు మూసుకున్నాను. దాని కింద నేను నిలబడను. నాకి భయం."

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక మేస్త్రి లేచాడు. "ఇప్పుడు చెప్తా ఉండావా? మా కూలి పోతే ఎవురిస్తారు? నువ్వేమో ఇంకో సైటు చూసుకుంటావు."

"పిల్లోళ్ళు మనోళ్ళే కదప్పా," అంది ముందు కూర్చున్న ఒకామె. "తిమ్మరాయప్ప మనవళ్ళు ఆ అంగన్‌వాడీకి వస్తారా?"

"గలాటా చేస్తే పోలీసులు వస్తారు."

"రానీ. ఊరికే ఉంటే స్లాబు నెత్తి మీదికి వస్తుంది."

గంటసేపు అరుచుకున్నారు. చివరికి ఉమాదేవి చెయ్యెత్తింది. "కట్టినోడు నిలబడేది మీ తాతల పద్ధతి. సిమెంటు ఆ తాతలే తెచ్చుకున్నారా? గుంజలు ఎప్పుడు లాగాలో వాళ్ళే చెప్పినారా? ఇప్పుడు అన్నీ చెప్పేది తిమ్మరాయప్ప. అట్లయితే నిలబడాల్సింది ఎవురు?"

జవాబు నలభై గొంతుల్లోంచి ఒకేసారి వచ్చింది.

ఆదివారం తొమ్మిదింటికి తిమ్మరాయప్ప వచ్చేసరికి కట్టడం ముందు రెండు వందల మంది ఉన్నారు. ఇక్కడి వాళ్ళు పని ముట్టరని ముందే ఎవరో మోసుకుపోయి చెప్పారు. అందుకని ఆయన సరిహద్దులోని నంగలి అవతల నుంచి వ్యానులో ఆరుగురిని గడ్డపారలతో సహా తెచ్చుకున్నాడు. వాళ్ళలో పెద్దవాడు మునిశామప్ప, నెరిసిన మీసాల మనిషి.

"కాగితం యాడప్పా?" అన్నాడు తిమ్మరాయప్ప.

మునిశంకర్ జేబులోంచి కాగితం తీసి, సంతకం లేకుండానే ఆయన చేతిలో పెట్టాడు. తరవాత లోపలికి నడిచాడు. పాత అంగన్‌వాడీ నుంచి తెచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ అతని చేతిలో ఉంది. మూడేళ్ళ పిల్లలు కూర్చునే చిన్న కుర్చీ. నీలగిరి కర్ర గుంజల మధ్య, సరిగ్గా స్లాబు నడిమధ్యన దాన్ని వేసి బయటికి వచ్చాడు.

"రా అన్నా, కూర్చో. నువ్వు కూర్చుంటే నేనే నా చేత్తో గుంజలు ఇప్పతాను. స్లాబు నిలిస్తే నీ కాళ్ళు మొక్కి, కాగితం మీద సంతకం పెడతాను."

"ఏమప్పా, తాగినావా?"

"కట్టుబడిలో లోపం లేదని నువ్వే రాయించినావు కదన్నా. భయమెందుకు?"

"కూర్చోవయ్యా!" అని ఆడవాళ్ళు కేకలు పెట్టారు. "తెల్లచొక్కాకి ఏం కాదులే!"

తిమ్మరాయప్ప సోమశేఖర్ వైపు చూశాడు. సోమశేఖర్‌కి సరిగ్గా అప్పుడే ఫోను వచ్చింది. మోగని ఫోను చెవికి పెట్టుకుని కారు చాటుకి పోయాడు. పది సైట్ల యజమాని, నాయకుల పక్కన నిలబడి దండలు వేయించుకునే తిమ్మరాయప్ప, గడప దాకా వచ్చాడు. ఒక కాలు లోపల పెట్టాడు. పైకి చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

అంతే. రెండు వందల మందీ చూశారు. ఏ లాబొరేటరీ ఇచ్చే రిపోర్టయినా అంత స్పష్టంగా ఉండదు.

"ఏమి చూస్తా ఉండారు? ఇప్పండి!" అని ఆయన వ్యానులో వచ్చినవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు.

మునిశామప్ప గడ్డపార నేల మీద పెట్టాడు. "మేము కూలికి వచ్చినాము సామీ, చావడానికి కాదు," అన్నాడు. "మీరు కాలు పెట్టని చోట మేమూ పెట్టము." మిగిలిన ఐదు గడ్డపారలూ ఒకదాని వెంట ఒకటి నేలను తాకాయి. లైన్ల ఆడవాళ్ళు ఆ ఆరుగురికీ చెంబులతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు.

పది నిమిషాల్లో పోలీసులు వచ్చారు. గురువమ్మ తుంటి విరిగి మూడు రోజులైనా తోవ తెలియని జీపుకి ఇప్పుడు బాగానే తెలిసింది. ప్రభుత్వ పనికి అడ్డం వచ్చాడని మునిశంకర్ రెక్క పట్టుకున్నాడు ఎస్సై. "ముందు ఆ కుర్చీ తీసి బయట పారెయ్యి" అని కానిస్టేబుల్‌కి చెప్పాడు.

కానిస్టేబుల్ గడప దాకా వెళ్ళి ఆగాడు. స్లాబు వైపు చూశాడు, ఎస్సై వైపు చూశాడు. "సార్, మీరు ఒక మాటు చూస్తారా?" అన్నాడు. ఎస్సై టోపీ తీసి తల తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. లోపలికి మాత్రం పోలేదు. జనం పగలబడి నవ్వారు. గుంజలూ కదల్లేదు, కుర్చీ కదల్లేదు. సోమవారం రిబ్బను కత్తిరించాల్సిన నాయకుడికి ఉన్నట్టుండి జ్వరం వచ్చింది.

స్టేషనులో రైటరు పెన్ను పట్టుకుని అడిగాడు. "వృత్తి? కాంట్రాక్టరా?"

"కాదు సార్. మేస్త్రి. మా తాత కూడా మేస్త్రే. అదే రాసుకోండి."

మూడో రోజుకి మునిశంకర్ ఇంకా జైలు లోపలే ఉన్నాడు. రాబర్ట్‌సన్‌పేటలో తిమ్మరాయప్ప కట్టిస్తున్న అంగళ్ళ కట్టడానికి సెంట్రింగ్ విప్పాల్సిన రోజది. పొద్దున ఆయన కారు మలుపు తిరిగేసరికి పనివాళ్ళంతా బయట నిలబడి ఉన్నారు. ఉమాదేవి కారు కిటికీ దగ్గరికి వచ్చి, "నీ కోసమే కాచుకున్నాము, రా అన్నా" అంది. లోపల, గుంజల మధ్య, ఎర్ర రంగు చిన్న కుర్చీ ఒకటి వేసి ఉంది.

తిమ్మరాయప్ప కారు దిగలేదు.