మాస్టారి ఆఖరి విసురు

హాల్లో అందరూ నన్ను గోడ అంటారు. ఎవరెంత లాగినా కదలనని ఆ పేరు పెట్టారు. మా ఆవిడ మాత్రం, ఎంత మాట్లాడినా జవాబు రాదు కాబట్టే ఆ పేరొచ్చిందంటుంది.

నేను లారీలకు టార్పాలిన్లు కుడతాను. సాయంత్రం పని ముగించి జూడో హాలుకు పోతాను. పెళ్ళికి ముందు నుంచీ ఇంతే. హాలు టైర్ల షాపు మీద మేడలో ఉంది. మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన, ఎక్కాక చెమట వాసన. మ్యాట్ల మీద బిగించిన కాన్వాసు గుడ్డ నేను కుట్టిందే. కళ్ళు మూసుకుని పడ్డా, వీపుకు తగిలిన కుట్టునుబట్టి ఏ మూల పడ్డానో చెప్పగలను.

ఆ హాలు పెట్టింది మాస్టారు. మాకు నిలబడటం కంటే ముందు పడటం నేర్పింది ఆయనే. వీపు నేలకు తగిలేటప్పుడే చేత్తో మ్యాటును చరవాలి. ఆ చప్పుడు విని, మేము ఎలా పడ్డామో అటు తిరిగి చూడకుండానే చెప్పేవారు. ఇప్పుడు మోకాలు మొరాయించి కుర్చీలో కూర్చుంటున్నారు. ఆయన కూతురు నేర్పుతోంది. ఆ అమ్మాయి నడక రాకముందు నుంచీ నన్ను ఎరుగును. బాబాయ్ అంటుంది.

మా హాల్లో ఒక పద్ధతి ఉంది. మ్యాటు వదిలిపెట్టే మనిషిని ఉత్త మాటలతో పంపరు. ఆయన అందరి ముందూ ఒక్కరిని, ఒక్కసారి విసురుతాడు. ఎవరినన్నది ఆయన ఇష్టం. విసిరాక నడుముకున్న బెల్టు విప్పి, గోడకున్న మేకుకు తగిలిస్తాడు. ఇక ఆ బెల్టు దిగదు.

ఆ ఆదివారం మ్యాటు వదిలిపెడుతున్న ముగ్గురికి సన్మానం పెట్టారు. మాస్టారికి, నాకు, బస్సు డ్రైవరుకు. డ్రైవరూ నేనూ మొదటి నుంచీ ఆయన పేరు చెప్పుకుని పోటీలకు పోయినవాళ్ళం. బయట ఒకే జట్టు, లోపల ఒకరి మీద ఒకరికి కసి.

పొద్దున బట్టలు మార్చుకునే గదిలో ఉన్నాం. పాత జూడో కోటు డ్రైవరు పొట్ట మీద కలవడం లేదు.

"ఒరేయ్ గోడా, నీ దగ్గర టార్పాలిన్ ముక్క ఉంటే ఇక్కడ అతుకెయ్యరా."

"ముక్క చాలదు," అన్నాను.

"అబ్బో! పొద్దున్నే రెండు మాటలా! ఇంక సాయంత్రం దాకా నీ కోటా అయిపోయింది," అని నవ్వుకుంటూ బయటికి పోయాడు.

వాడు పోయేదాకా ఆగి మాస్టారి కూతురు లోపలికొచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"బాబాయ్, నాన్న ఇవాళ నిన్నే పిలుస్తాడు."

నేను బెల్టు కట్టుకుంటున్నాను.

"ఆ మోకాలితో నిన్ను ఎత్తలేడు బాబాయ్. నిన్నసలు ఎవరు ఎత్తారు కనక! అంత మంది ముందు లాగి, నువ్వు కదలకపోతే? ఆయన తల దించుకుని కిందికి దిగితే నేను చూడలేను. ఆయన అలా తిరగ్గానే నువ్వే ఎగిరి పడిపో. నీకు రాని విద్యా? ఎవరికీ తెలీదు."

కాదనాల్సింది. ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. విసరకుండానే పడేవాడు ఎదుటివాడి మొహాన ఉమ్మినట్టే అనేవారు. ఒకసారి అలా పడినందుకు డ్రైవరును నెల రోజులు మ్యాటు ఎక్కనివ్వలేదు. అదంతా నాకు గుర్తుంది. అయినా ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి, "ఊఁ" అన్నాను.

మనుషులు బాగానే వచ్చారు, మా ఆవిడ కూడా వచ్చింది. నేను ఎప్పుడో చూసిన పిల్లలు జుట్టు నెరిసి, పిల్లల్ని వెంటేసుకొచ్చారు. మైకు కాసేపు కూసింది. ఎవరో పెద్దమనిషి మాస్టారి గురించి చదివాడు, మధ్యలో రెండుసార్లు కరాటే అన్నాడు. డ్రైవరు నా చెవిలో, "ఇంకాసేపుంటే మనల్ని ఈతగాళ్ళను చేస్తాడు," అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మాస్టారు కోటు వేసుకుని మ్యాటు మీదికి వచ్చారు. కోటు ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. మనిషి అందులో సగమయ్యారు. మైకు తీసుకున్నారు.

"నేను పిలిచేది గోడను," అన్నారు. "ఎందుకో చెప్తాను. నేను ముసలాణ్ణయ్యాను. మీరంతా మంచివాళ్ళు. ఎవణ్ణి పిలిచినా నా మీద జాలితో పడిపోతాడు. వీడు పడడు. వీడికి అబద్ధం చెప్పడం రాదు, అసలు చెప్పడమే రాదు." అందరూ నవ్వారు. "వీడు పడ్డాడంటే నేను విసిరినట్టే. విసరలేకపోతే అదీ చూసి పోండి. నాకేం సిగ్గు లేదు."

మైకు కూతురికిచ్చారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. వద్దని చూసిందో కానిమ్మని చూసిందో ఇప్పటికీ నాకు తెలియదు. నేను కానిమ్మనే అనుకున్నాను.

మాస్టారు నా కోటు పట్టారు. ఒక చెయ్యి నా మెడ దగ్గర, ఒక చెయ్యి నా కోటు చేతి మీద. ఆ పట్టులో బలముంది. నేను అనుకున్న ముసలి పట్టు కాదు. అప్పుడైనా ఆగాల్సింది. కానీ పొద్దున నుంచీ మనసులో అదే వల్లించుకుంటున్నాను, తిరగ్గానే ఎగరాలి, తిరగ్గానే ఎగరాలి అని. ఆయన తిరిగారు. నేను ఎగిరాను.

ఆయన లాగడం నాకు తెలిసింది. నా కాళ్ళు నేల విడిచాక తెలిసింది. మంచి లాగుడు. ఆయన నా బరువుకు సిద్ధమై నడుం వంచారు, కాలు ఊన్చారు. అక్కడ బరువు లేదు. నేను అప్పటికే గాల్లో ఉన్నాను. నా కోటు చెయ్యి ఆయన వేళ్ళల్లోంచి జారిపోయింది. విసిరినవాడు ఆ చెయ్యి చివరిదాకా వదలడు. పడేవాడికి దెబ్బ తగలకుండా పైకి పట్టుకుంటాడు. అది ఆయన నేర్పిందే.

నేను పడ్డాను. మ్యాటు బాగా మోగింది. వీపు కింద నేను వేసిన జంట కుట్టు తగిలింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పిల్లలు ఈలలు వేశారు.

మాస్టారు అడుగు తూలి నిలబడ్డారు. నన్ను చూడలేదు. పిడికిలి బిగించి ఉంది, అందులో ఏమీ లేదు. దాన్నే చూసుకుంటున్నారు.

తర్వాత బెల్టు విప్పారు. మేకు దగ్గరికి పోతారని అందరూ దారిచ్చారు. ఆయన దాన్ని చుట్టి కోటులో పెట్టుకుని కుర్చీ దగ్గరికి పోయారు. పెద్దతనం, మర్చిపోయారనుకున్నారు. డ్రైవరు టైర్ల షాపాయన్ని విసిరి బెల్టు తగిలించాడు. నా వంతు విసురుకు పిలిచినప్పుడు నడుం పట్టిందని చెయ్యి ఊపాను. మాస్టారి చేతిలో అంత గట్టిగా పడ్డాడు మరి, అని ఎవరో అన్నారు. మళ్ళీ చప్పట్లు.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడ సన్మానంలో ఇచ్చిన చెక్క బొమ్మను టీవీ మీద పెట్టి తుడుస్తోంది.

"ఎందుకలా ఉన్నావు?"

"ఏం లేదు."

"సన్మానం చేసినా ఇదే మొహం, సంతాపం చేసినా ఇదే మొహం. ఖర్మ." గుడ్డ పక్కన పెట్టి, "మాస్టారు బాగానే ఉన్నారా? మెట్లు దిగేటప్పుడు కాలు ఈడుస్తున్నారు," అంది.

కంచంలోనే చెయ్యి కడిగేశాను.

మర్నాడు పనికి పోకుండా హాలుకు పోయాను. జంట కుట్టు తెగిందేమో చూడాలని మా ఆవిడతో అన్నాను. సూది, దారం కూడా పట్టుకెళ్ళాను. కుట్టు తెగలేదని నాకు తెలుసు.

హాలు తలుపు తీసే ఉంది. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఊచలకు కట్టిన సైకిలు ట్యూబు ముడి విప్పుతున్నారు. ట్యూబు చివరలు చేతి పట్టుకు నలిగి తెల్లబడ్డాయి. ఎవరూ లేనప్పుడు విసురు సాధన చేసే పద్ధతి అది. ట్యూబు పట్టుకుని లాగి, తిరిగి, నడుం వంచాలి. మళ్ళీ లాగాలి.

నేను చెప్పులు విడిచి మ్యాటు అంచున నిలబడ్డాను.

"సన్మానం అనుకున్నప్పటి నుంచీ రోజూ పొద్దున వచ్చి చేశాను," అన్నారు, నా వైపు తిరక్కుండా. "అమ్మాయికి తెలిస్తే అరుస్తుందని ఆమె లేవకముందే వచ్చేవాణ్ణి. కుదిరిందిరా. చివర్లో బాగా కుదిరింది."

నేను చేతిలోని దారపు ఉండను అటూ ఇటూ తిప్పాను.

"ఎవరు చెప్పారు నిన్ను పడమని?"

నేల చూశాను.

"నీ అంతట నీకే అనిపించిందా? ముసలాడు పాపం అని?"

చెబితే కూతురి మీదికి పోతుంది. చెప్పకపోతే ఆయన అన్నది నిజమవుతుంది. ఊరుకున్నాను.

ఆయన మోకాలు మీదికి ప్యాంటు ఎత్తి చూపించారు. మోకాలు సొరకాయలా ఉబ్బి ఉంది.

"నువ్వుంటావనుకున్న చోట లేవు. కాలు మెలిపడింది. నీ బరువు నా మీద పడి ఉంటే ఈ కాలు బాగుండేది."

"మాస్టారూ, ఇప్పుడు నిలబడతాను. పట్టండి."

"ఈ కాలితోనా?" అని నవ్వారు. "అది నిన్నటితో పోయింది. నీ విసురు ఇంకా మిగిలింది కదా? రా. నన్ను విసురు."

"వద్దు మాస్టారూ."

"ఎందుకు? ముసలాడు పాపమా?"

వెళ్ళి ఆయన కోటు పట్టుకున్నాను. కావాలనే కోటు వేసుకుని వచ్చారు మరి. ఉబ్బిన కాలి మీద బరువు పడకుండా రెండో వైపు తిరిగి, ఆయన్ని నడుం మీదికి తీసుకున్నాను. తడిసిన టార్పాలిన్ పాటి బరువు కూడా లేరు. ఉత్తుత్తిగా దించలేదు. విసిరాను. కోటు చెయ్యి మాత్రం గట్టిగా పైకి పట్టాను.

ఆయన పడిన తీరు చూడాల్సింది. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా, చెయ్యి సమయానికి. ఆ చరుపుకు కింద టైర్ల షాపులో కూడా మాటలు ఆగాయి. మాస్టారు కప్పు వైపు చూస్తూ నవ్వుతున్నారు. ఊపిరి అందక నవ్వు సన్నగా వస్తోంది.

మెట్ల మీద పరుగు వినబడింది. కూతురు తలుపు దగ్గర ఆగి చూసింది. తండ్రి కింద, నేను పైన, ఆయన చెయ్యి నా చేతిలో. చెప్పులతోనే మ్యాటు మీదికి వచ్చేసింది.

"బాబాయ్! నీకేం పట్టింది? చంపేస్తావా మనిషిని?" వంగి మోకాలు చూసింది. "అయ్యో, చూడు ఎలా వాచిందో! ఇంత చేశావా?"

ఆ వాపు నేను చేసిందే. ఈ పొద్దున కాదు, అంతే.

"నిన్న నేను చెప్పినట్టు ఎంత చక్కగా పడ్డావు! అందరూ ఎంత సంతోషించారు! రాత్రికి రాత్రి ఏం పుట్టింది నీకు?"

అనేసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

మాస్టారి నవ్వు ఆగింది. కప్పు వైపే చూస్తున్నారు. "నువ్వు చెప్పావా అమ్మా?" అన్నారు.

ఆమె తల దించుకుంది.

"అడిగితే చెప్పలేదేంరా?" అని నన్నడిగారు.

"అమ్మాయి అడిగింది మాస్టారూ. ఊఁ అన్నది నేను. ఎగిరింది నేను."

అంతకంటే పొడుగు మాట ఆయనతో నేను ఎప్పుడూ అనలేదేమో. ఆ అమ్మాయి అప్పుడు కాళ్ళ వైపు చూసుకుని, చెప్పులు తీసి చేత్తో పట్టుకుని, మ్యాటు అంచుకు పోయి కూర్చుంది. ఏడుస్తోందని వీపు చూస్తే తెలిసింది. నేను వెళ్ళి ఏదో ఒకటి అనాలి.

మాస్టారిని లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. కాలు ముందుకు చాపుకున్నారు.

"నీ బెల్టు తగిలించు," అన్నారు. "నీది నిజమైన విసురు. నీకు హక్కుంది."

"మీది?"

ఆయన కోటు లోపల చెయ్యి పెట్టి చుట్టిన బెల్టు ఉందో లేదో తడిమి చూసుకున్నారు.

"నేనింకా ఎవణ్ణీ విసరలేదుగా. మోకాలు తగ్గనీ. పిలుస్తాను. అప్పుడు నిలబడు."

ఆ మోకాలు తగ్గదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఊఁ," అన్నాను.

నిన్న బట్టల గదిలో వదిలేసిన నా బెల్టు తెచ్చి డ్రైవరు బెల్టు పక్కన తగిలించాను. దాని పక్క మేకు నిన్న మాస్టారి కోసం కొట్టింది, ఇంకా మెరుస్తోంది. తర్వాత మ్యాటు మీద కూర్చుని, తెగని కుట్టును విప్పి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. వెనక కుర్చీలోంచి మాస్టారు చూస్తున్నారు. దారం ఇంకాస్త లాగి బిగించరా, అన్నారు.