చావుల కిటికీ

ఊరంతటిలోకీ మా పేటే ఆరోగ్యమైనదని మునిసిపల్ ఆఫీసు గోడకు కాగితం అంటించారు. ఇక్కడ ఏడాదికి వెయ్యిమందిలో తొమ్మిదిమందే పోతున్నారట. కాబట్టి కుళాయిలు అక్కర్లేదట. ఆ మాట పేటకు చేరిన రోజే మా వదిన పదకొండు రోజుల పిల్లను పూడ్చి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది.

మేమంతా అద్దకం మిల్లులో బట్టలు జాడించేవాళ్లం. మిల్లు వదిలిన రంగునీళ్లే మేం తాగే బావిలో ఊరతాయి. ఆ ఆఫీసులో చావులు రాయించే కిటికీ పది నుంచి పన్నెండు దాకానే తెరుస్తారు. ఆ రెండు గంటలు పనిలోకి రాకపోతే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకని పూడ్చిపెట్టి, కళ్లు తుడుచుకుని పనికి పోయేవాళ్లం. అన్నలారా, అక్కలారా, మీరూ అలాగే పనికి పోతుంటారు.

ఆ సాయంత్రం మంత్రసాని పిన్ని ఇంటిముందు చేరాం. తన చేతుల్లో పుట్టి ఆ ఏడాదే పోయిన పిల్లలు ముప్పై ఒక్కమందని ఆమె ఒక్కో తల్లినీ చూపిస్తూ చెప్పింది. రేపు పని మాని వాళ్లందరినీ రాయిద్దామంది. మిల్లువాళ్లతో పెట్టుకుంటే పొట్ట మాడుతుందని కొందరన్నారు. రాయిస్తే పోయినవాళ్లు తిరిగొస్తారా అని ఒకామె అడిగింది.

"రారమ్మా. కానీ వాళ్లు పోనేలేదని ఆఫీసులో రాసుకున్నారు. అందుకే ఇంకా పిల్లలు పోతారు" అంది పిన్ని.

వదిన అప్పుడు నోరు విప్పింది. "నాకు కాళ్లు లేవట్లేదు. అయినా రేపొస్తా."

మర్నాడు నలభైమందిమి మిల్లులో అద్దకం తొట్లు వదిలేసి కిటికీ ముందు వరస కట్టాం. చావు రాయించే గడువు దాటాక రాయించడం నేరమన్నాడు గుమాస్తా. అందరి మీదా ఆ నేరం రాసుకోమన్నాం. అతను లోపలికి కబురు పంపాడు. పోలీసులు వచ్చి, పుకార్లు పుట్టిస్తోందని పిన్నిని పట్టుకున్నారు.

"నా వెంట రాకండే. వరస వదలొద్దు" అంది పిన్ని బండెక్కుతూ.

మేమేదో తెగించామని అనుకోకండి. అలిసిపోయాం. తిరిగి ఇళ్లకు నడిచే ఓపిక కూడా లేదు. అలాగే నిలబడ్డాం.

పన్నెండు కొట్టగానే గుమాస్తా తలుపు మూయబోయాడు. వదిన మోచేతిదాకా నీలం పట్టిన చెయ్యి అడ్డం పెట్టింది. ఎంత తోసినా తియ్యలేదు. చివరికి అతనే కూర్చున్నాడు.

"పేరు?"

"పెట్టలేదు. పెట్టేలోపే పోయింది."

"పేరు లేకుండా రాయకూడదమ్మా."

"అయితే నా పేరు రాసి, ఈమె బిడ్డ అని రాయి. ఆడపిల్ల. పదకొండు రోజులు. మిల్లు నీళ్లు తాగి పోయింది."

అతను ఆమె చేతివంక చూశాడు. తర్వాత కలం సిరాలో ముంచాడు.

మిల్లు కూత మధ్యాహ్నం పనికి పిలిచింది. ఒక్కరూ కదల్లేదు. వదిన పక్కకు జరిగింది. వెనకామె కిటికీ దగ్గరికొచ్చి, తనకు ఇద్దరు పోయారని చెప్పింది.