పక్కింటి సాక్ష్యం

కుట్టుమిషను అత్త నోటికి భయపడని మనిషి ఆ సందులో లేదు. కుళాయి దగ్గర ఆమె బిందె ముందు ఇంకో బిందె పెడితే ఏడు తరాలనూ ఉతికి ఆరేసేది. గోడ అవతల పిండిమర నడిపే ఆమెతోనైతే రోజూ ఒక విడత పోట్లాట పడాల్సిందే. అలాంటి మనిషికి ఇవాళ ఎవరో ఒకరి మంచి మాట కావలసొచ్చింది. రోజులు అలా ఉంటాయి మరి!

సంగతేమిటంటే, పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన ఇరవయ్యేళ్ల పథకం సగానికొచ్చింది. మొదట్లో ఆమెకు మిషను ఇచ్చింది ఆ పథకమే. ఇచ్చిన మర్నాడే ఈ ఇల్లు గట్టెక్కిందని రాసేసుకున్నారు. తర్వాత ఆమెకు చూపు మందగించింది. తాపీ పనిచేసే కొడుకు పైఅంతస్తు మీంచి జారిపడి, నడుం విరిగి మంచం పట్టాడు. ఆపరేషను ఉచితంగా జరగాలంటే ఇల్లు మళ్లీ పేదల లెక్కలోకి రావాలి. దానికో నిబంధన పెట్టారు మహానుభావులు: వీధి సభలో ఎవరి గోడు వాళ్లు చెప్పుకోకూడదు, ఇరుగుపొరుగే చెప్పాలి.

బడి గదిలో సభ జరిగింది. ఈ ఇంటి గురించి ఎవరైనా మాట్లాడతారా అని అధికారి అడిగాడు. అందరూ నేలచూపులు చూశారు. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అనుకుంది అత్త. పక్కన కోడలు కళ్లు తుడుచుకుంటోంది.

అప్పుడు పిండిమర ఆమె లేచింది. పాత కక్షలన్నీ ఇప్పుడు తీర్చుకుంటుందనుకుంది అత్త.

"అయ్యా, ఈవిడ నన్ను తిట్టి చాలా రోజులైంది," అందామె. "మొన్న కావాలనే నా బిందె ముందు పెట్టాను. పక్కకు జరిగి నిలబడింది. కడుపు నిండిన మనిషైతే నన్ను వదిలేదా? తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదండీ."

కొందరు నవ్వబోయి ఆగిపోయారు.

అత్తకు ఒళ్లు మండిపోయింది. కోడలి ముందు, వీధి ముందు తన ఆకలిని బజారున పెడుతుందా! విసురుగా లేచి నోరు తెరిచింది. ఒక్క కేక వేస్తే చాలు, ఓపిక లేదన్న మాట అబద్ధమైపోతుంది, కొడుకు మంచం మీదే ఉండిపోతాడు. అది తెలిసీ పౌరుషం ఆగలేదు. తిట్టు పెదవిదాకా వచ్చింది. ఊపిరి అందలేదు. తూలి పడబోతుంటే పిండిమర ఆమే వచ్చి పట్టుకుంది.

అత్తకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా ఆ భుజం వదల్లేదు.

"ఇది చెప్పింది నిజమే నాయనా, రాసుకో," అంది.