బూత్‌కి ఇంతమందే

ఉల్లిపాయలు తరుగుతుంటే హాల్లోంచి బావగారి గొంతు వినిపించింది. ఆ గొంతు మామూలుగా లేస్తే పక్కింటి గోడ సున్నం రాలుతుంది. మెల్లగా లేచిందంటే ఆమెతో పనుందన్నమాట. ఇవాళ మెల్లగా లేచింది.

"ఏమ్మా, మన వీధి బూత్‌ని రెండు చేస్తున్నావట?"

"చట్టం చేస్తోంది బావగారూ. ఒక బూత్‌కి పన్నెండొందల ఓట్లు దాటకూడదు. మనది ఎప్పుడో దాటిపోయింది."

"దాటితే దాటింది. వేరే గది దొరకలేదని రాసి సంతకం పెట్టెయ్."

ఎన్నికల ఆఫీసులో బూత్‌ల హద్దులు గీసే గుమాస్తా ఆమె. బావగారు ఈ వీధి నుంచి పోటీ చేసే మనిషి. సంతకం ఇవాళ ఆఫీసు తెరవగానే పెట్టాలి.

భర్త పేపరు దించకుండానే అన్నాడు. "అన్నయ్య ఇంట్లో ఉంటూ అన్నయ్య మాట కాదంటావా? రేపు సామాను రోడ్డు మీదుంటుంది, చూస్కో."

కత్తి ఆగింది. పోయినసారి క్యూ గుర్తొచ్చింది. ఆడవాళ్ల వరస ఎంత పొడుగంటే, తల దగ్గర కొత్త ప్రభుత్వం వచ్చి, పడిపోయినా తోక దగ్గరవాళ్లకి తెలిసేది కాదు. మగవాళ్ల వరసకి టీలూ టిఫిన్లూ నడిచొచ్చాయి. ఆడవాళ్ల వరసకి మాత్రం బావగారి మనిషొకడు వచ్చాడు. "అమ్మా, ఇంట్లో ఆకలంటున్నారు" అని ఒక్కొక్కరి చెవిలో చెప్పుకుంటూ పోయాడు. కుళాయి నీళ్ల కోసం బావగారితో పోట్లాడిన ఆడవాళ్లందరి ఇళ్లలోనూ సరిగ్గా అప్పుడే ఆకలి పుట్టింది. బూత్ తలుపు దాకా వచ్చిన ఆమెకీ భర్త ఫోన్ చేశాడు, "కూరేం లేదా?" అని. ఓటెయ్యకుండానే పరుగెత్తుకొచ్చి వండింది. తిని చెయ్యి కడుక్కుంటూ బావగారు తమ్ముడితో అన్నారు, "క్యూ ఎంత పొడుగుంటే మనకంత మంచిదిరా." అక్కడే గిన్నెలు తీస్తున్న ఆమె వినలేదనుకున్నారు. గిన్నెలు తీసేవాళ్లకి చెవులుంటాయని ఆ ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు మరి.

"ఏమంటావమ్మా?" బావగారి గొంతు కొంచెం లేచింది. సున్నం రాలే ఎత్తుకి ఇంకా రాలేదు.

పొయ్యి దగ్గర అన్నం కలియబెడుతున్న అత్తగారు వెనక్కి తిరక్కుండానే అంది. "పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ప్రతిసారీ ఆ క్యూలో నిలబడ్డాన్రా పెద్దోడా. ఆ గది లోపల ఎలా ఉంటుందో నాకింతవరకూ తెలీదు."

భర్త పేపరు రెపరెపలాడింది.

ఆమె కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, బ్యాగు తగిలించుకుంది.

"సంతకం పెడతాను బావగారూ. రెండు బూత్‌లకి. సామాను సాయంత్రం వచ్చి సర్దుకుంటాను."

"నాది కూడా సర్దు," అంటూ అత్తగారు పొయ్యి ఆపేసింది.

భర్త పేపరు దించాడు. "మరి వంట?"

గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆమె అంది.

"క్యూలో ఉండండి."