మూడో మడ్లెన్

లుడివీన్ తన పుట్టింటివాళ్ల మూలాలు వెతకడం మొదలుపెట్టింది కూతురి పోరు పడలేకే. మోడ్‌కి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే ఆడపిల్లకి వంశంలో పేరే పెడతానని పట్టుపట్టింది. దాంతో ఆ చలికాలమంతా తల్లీకూతుళ్లు వంటింటి బల్ల మీద కమురాస్కా ఊరి చర్చిలో జ్ఞానస్నానాలు రాసిపెట్టిన పాత పుస్తకాల నకళ్లు పరుచుకుని కూర్చున్నారు.

అందులో ఒక్కొక్కరికి మూడేసి పేర్లు. మొదటిది చూస్తే ఆడపిల్లలందరూ మరీలే, మగపిల్లలందరూ జోసెఫ్‌లే. రెండోది జ్ఞానస్నానంలో బిడ్డని ఎత్తుకునే జ్ఞానతల్లి పేరో, జ్ఞానతండ్రి పేరో. నోరారా పిలుచుకునేది మూడోది. అది అలవాటయ్యేసరికి ఇంకో చిక్కొచ్చిపడింది. కొన్ని తరాల వెనక్కి వెళ్లేసరికి సాన్సూసీ అన్న లుడివీన్ పుట్టింటివాళ్ల ఇంటిపేరే కనబడలేదు.

లుడివీన్ మేనత్త ఎగ్జిల్డాకి ఫోన్ చేస్తే తొంభై ఏళ్ల ఆ మనిషి పకపకా నవ్వింది.

"గ్రోందేన్ అని వెతకండే! ఫ్రాన్సు నుంచి సిపాయిగా వచ్చిన మాతురేన్ గ్రోందేన్‌కి పటాలంలో పెట్టిన ముద్దుపేరే సాన్సూసీ. చింతలేనివాడని. మనకదే ఇంటిపేరైపోయింది."

మాతురేన్ దొరికాడు. పిల్లలూ దొరికారు. మడ్లెన్ పుట్టి, పోయింది. మళ్లీ మడ్లెన్ పుట్టింది, అదీ పోయింది. మూడోసారి పుట్టిన పిల్లకీ మడ్లెన్ అనే పెట్టారు. వీళ్లందరూ ఆ మూడో మడ్లెన్ తమ్ముడి సంతానమే.

"చింతలేనివాడు కాక మరేంటి!" లుడివీన్ కాగితాలు అవతలికి నెట్టింది. "కుండ పగిలితే ఇంకో కుండ తెచ్చుకున్నట్టు. ఆ మొదటిదాన్ని అంత తొందరగా మరిచిపోయారా?"

మోడ్ ఆ కాగితాలు దగ్గరికి తీసి సర్దింది. తర్వాత మెల్లగా అంది. "అమ్మా, కోప్పడకు. నేను క్లారిస్ అని పెట్టుకోనా?"

లుడివీన్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, బఠాణీ సూప్‌లో గరిటె పెట్టి ఊరికే తిప్పుతూ నిలబడింది. మోడ్‌కి ముందు పుట్టి, నెల కూడా నిండకుండానే పోయిన పిల్ల క్లారిస్. భర్త బతికున్నన్నాళ్లూ ఆయనా ఆ పేరెత్తలేదు, తనూ ఎత్తలేదు. మోడ్‌కి అది చర్చి పుస్తకాల్లోనే కనబడి ఉంటుంది.

ఆదివారం ఒక్కతే అత్త దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకుంది. ఎగ్జిల్డా రొట్టె ముక్క మీద మేపుల్ పాకం పోసి ఆమె ముందుకి జరిపింది.

"ముందిది తిను. నేను రెండో ఎగ్జిల్డానని నీకు తెలుసా?"

"నువ్వా అత్తా?"

"నాకన్నా ముందు ఒకతి పోయింది. చిన్నప్పుడు ఏడుపొచ్చేదే, నాది అరువు పేరా అని. అమ్మ గుమ్మంలో నిలబడి 'ఎగ్జిల్డా!' అని కేకేసేది. నేను ఎదురుగా ఉన్నా ఇంకోసారి కేకేసేది. ఆ రెండోది నాకు కాదని పెద్దయ్యాక అర్థమైంది. మరిచిపోవడానికి కాదే పిచ్చిదానా, ఆ పేరు ఇంట్లో వినబడాలని."

"అయితే ఇచ్చెయ్యమంటావా?"

"నేనెందుకంటాను? ఆ పేరు నీ పిల్లది. నీకు మనసొప్పితేనే ఇయ్యి."

ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా లుడివీన్ కూతురి పక్కన కూర్చుంది.

"పిలిచే పేరుగా వద్దమ్మా. నీ పిల్ల పేరు నీ పిల్లకే సొంతంగా ఉండాలి. క్లారిస్‌ని మధ్యలో పెట్టు."

"మధ్యలో జ్ఞానతల్లి పేరు కదమ్మా?"

"అవును. మీ అక్కనే జ్ఞానతల్లి అనుకో."

మోడ్ తల్లి భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ, "జ్ఞానస్నానంలో పిల్లని ఎత్తుకోవడానికి బతికున్న మనిషి ఉండాలంటారేమో ఫాదర్" అంది.

"మా అత్త లేదూ? చేతులు వణుకుతాయి, నేను కింద పట్టుకుంటాలే."

నది మీద మంచు విడిపోతున్న రోజుల్లో జ్ఞానస్నానం జరిగింది. ఎగ్జిల్డా చేతుల కింద లుడివీన్ చేతులు. ఫాదర్ "మరీ క్లారిస్ ఒడెట్" అని గట్టిగా చదివాడు. అంతమందిలో ఆ పేరు వినబడగానే లుడివీన్ అత్త చేతుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. 

తిరుగుప్రయాణంలో కారు వెనక సీట్లో ఒడెట్ నిద్రపోతోంది.

"అక్క ఎలా ఉండేదమ్మా?" మోడ్ అడిగింది.

"జుట్టు ఎర్రగా ఉండేది, మీ నాన్న మీసం రంగు" అని మొదలుపెట్టింది లుడివీన్. "పాలు తాగుతూ నా వేలు పట్టుకుందంటే వదిలేది కాదు..."

ఇల్లు చేరినా కారు దిగకుండా ఆమె ఇంకా చెబుతూనే ఉంది.