పొడిగించిన కిటికీ

మా పెద్దమ్మ కూతురు యుదెల్కా వీధి మలుపులో బాంకా నడుపుతుంది. అంటే నీలం రంగేసిన ఇరుకు గదిలో, ఇనుప కిటికీ వెనక కూర్చుని లాటరీ నంబర్లు అమ్ముతుంది. చదివింది ఎనిమిదో క్లాసు. నేను కంప్యూటర్ ఇంజనీర్ని. అయినా పొద్దున్నే క్యూ దాని దగ్గరే. నాకు ఒళ్లు మండేది.

మా శాంటో డొమింగోలో కలొస్తే ముందు చెప్పేది నంబర్లమ్మే మనిషికే. ప్రతి కలకీ ఓ నంబరుంటుంది మరి. ఆ పక్క మేడమీద ఆన్‌లైన్ పందేల కంపెనీకి నేనో యాప్ రాశాను. చేప అని కొడితే చేప నంబరు ఇస్తుంది. యుదెల్కా మాత్రం చేప ఈదుతోందా, వేయించి ఉందా అని అడుగుతుంది. జనం వెళ్లేది ఆ ప్రశ్న కోసమే. అది యాప్‌కి నేర్పడానికి మూడు వారాలు తన్నుకున్నాను, రాలేదు.

ఇంతలో మంత్రిగారు టీవీలో కళ్లు తుడుచుకున్నారు. ఆన్‌లైన్ పందేలు కుర్రాళ్లని పాడుచేస్తున్నాయట, నిషేధమట. మంగళవారం ఇన్‌స్పెక్టర్ వచ్చి మా ఆఫీసు తలుపుకి సీలేశాడు. నా ఉద్యోగం పోయింది. ఆయన మెట్లు దిగి, వేలికి లక్క అలాగే ఉండగా, నేరుగా యుదెల్కా కిటికీకి వెళ్లాడు. పోయిన అత్తగారు కలలో కాఫీ ఇచ్చిందని చెప్పాడు.

"తాగారా, పారబోశారా?" అంది ఇది.

తాగాడట. రెండు నంబర్లు కొనుక్కెళ్లాడు.

శుక్రవారం యుదెల్కా నన్ను పిలిచింది. బాంకాల ఓనరు, అదే, మంత్రిగారి బావమరిది, ఇక ఫోన్లో కూడా నంబర్లు అమ్ముతాడట. నిషేధం కదే అన్నాను. కాగితం చూపించింది. సర్కారు ముద్ర కింద "పొడిగించిన కిటికీ" అని ఉంది. ఆన్‌లైన్ అన్న మాట భూతద్దం పెట్టినా లేదు. దానికి మేనేజరు యుదెల్కా. ఏసీ గది. యాప్ రాయడానికి తన కింద ఓ మనిషి కావాలట.

"ఏంటే, మొహం అలా పెట్టావ్? నిద్ర పట్టలేదా?"

"పట్టింది. కలొచ్చింది."

"చెప్పు మరి."

చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. "నీ కుర్చీ."

పెన్ను తీసింది. "ఖాళీగా ఉందా, నేనున్నానా?"

"నేను కూర్చున్నా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నంబరేసి చీటీ నా చేతిలో పెట్టింది. అదే నంబరు తనకీ ఒకటి రాసుకుంది.

"సోమవారం ఎనిమిదింటికి రా. స్టూలు వేయిస్తా."

ఏడున్నరకే వెళ్లాను. అది ఏడింటికే వచ్చి కుర్చీలో కూర్చుంది.