వంకాయరంగు తీగ

గిన్నెలు తోముతూ తడిచేత్తోనే ఫోనెత్తాను. అవతలి మాట వినగానే నా గొంతు నా అదుపు తప్పింది. "తీగ దొరికింది" అని అరిచాను. హాల్లో కూర్చున్న అత్తగారికి అది "దొంగ దొరికింది" అని వినిపించింది. ఆవిడ గొడుగు కొన్నాళ్ళుగా కనిపించడం లేదు, ఎవరో ఎత్తుకుపోయారని ఆవిడ నమ్మకం. నేను చేతులు తుడుచుకుని వచ్చేలోపు పక్కింటావిడకు కబురందింది, పక్కవీధిలోని ఆడపడుచుకు ఫోను వెళ్ళింది. "దొరికాడు అనలేదు, దొరికింది అంది. ఆడదొంగేనమ్మా" అని వ్యాకరణం కూడా జోడించారు అత్తగారు.

షాపులోంచి మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఎక్కడ? ఎవరు?"

"దొంగ కాదండీ, తీగ. వంకాయరంగు తీగ."

ఆయన స్క్రూడ్రైవరు దించారు. "ఓస్, తీగేనా. దానికింత అరుపా."

చీపురుతో వచ్చిన పక్కింటావిడ, కొట్టడానికి ఎవరూ లేరని తెలిసి, నిరాశగా వెళ్ళిపోయింది. గొడుగు తలుపు వెనకాలే ఉంది. 'ఓస్' మాత్రం నాతో ఉండిపోయింది. ఆ 'ఓస్'తో నాది పాత పరిచయం. ఓస్, వంటేగా. ఓస్, పిల్లని పెంచడమేగా, అదే పెరుగుతుంది. ఓస్, చుట్టడమేగా.

ఆ చుట్టడం సంగతి చెప్పాలి. మా ఇంటి ముందుగదే షాపు. గిటార్లు బాగుచేస్తాం. బోర్డు మీద మా ఆయన పేరు, దానికింద 'చేత్తో చుట్టిన పికప్‌లు'. చెయ్యి ఎవరిదో బోర్డు చెప్పదు. పికప్ అంటే గిటారు తీగల కింద కూర్చునే చిన్న డబ్బీ. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకకంటే సన్నని రాగితీగ వేల చుట్లు. పైన తీగ వణికితే ఆ వణుకును పట్టి స్పీకరుకు అందిస్తుంది. రాగి లేనిదే రాగం లేదన్నమాట. ఎత్తిపెట్టేదాన్నల్లా పికప్ అంటే మాత్రం ఈ ఇంట్లో మొదటి పికప్ నేను. మంచం మీద తడి తువ్వాలు, సోఫా కింద ఒంటి సాక్సు, బడి నుంచి కూతురు, అత్తగారు జారవిడిచిన కళ్ళజోడు, ఆయన జారవిడిచిన మాట, అన్నీ ఎత్తేది నేనే.

మొదట్లో చుట్టే మిషను ముందు ఆయనే కూర్చున్నారు. మిషను ప్లాస్టిక్ బాబిన్‌ను తిప్పుతుంది, తీగను మాత్రం వేళ్ళతో నడిపించాలి. ఆయన వేళ్ళు స్క్రూల కోసం పుట్టినవి. తీగ తెగింది. మళ్ళీ తెగింది. విసుగొచ్చి "కాస్త చుట్టిపెట్టు" అన్నారు, కాస్త టీ పెట్టు అన్నంత తేలిగ్గా. చుట్టిపెట్టాను. అప్పట్నుంచి ఈ ఇంట్లో చుట్టాలకు వండేదీ నేనే, చుట్టలు చుట్టేదీ నేనే. పొగడ్తలు మాత్రం రెండూ ఆయన ఖాతాకే. "మీ ఇంట్లో భోజనం బ్రహ్మాండం సార్." "మీ పికప్ బ్రహ్మాండం సార్." ఆయన రెండింటికీ ఒకే నవ్వు నవ్వుతారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, పోనీలే, మనం మనం ఒకటేగా అనుకునేదాన్ని. ఒకటే. ఆ ఒకటి ఆయనే.

ఇంతలో ఒక బ్యాండులో వాయించే కుర్రాడు వచ్చాడు. నడుముదాకా జుట్టు, అందుకే మేం జడాయన అంటాం. వాళ్ళ తాత గిటారు తెచ్చాడు, పికప్ మూగబోయింది. "దీనికి ఆ పాత గొంతే రావాలి సార్. వచ్చిందంటే మా బ్యాండులో గిటార్లన్నీ మీ చేతికే" అన్నాడు మా ఆయనతో. డబ్బీ విప్పి చూసింది నేను. లోపల తీగ ముదురు వంకాయరంగులో నిగనిగలాడుతోంది. అలాంటిదాన్ని నేనెప్పుడూ చుట్టలేదు. మా షాపులో ఉండేదంతా ఎర్ర తీగ. ఆ రంగు చూడగానే, ఎందుకో తెలీదు, గుండె దడదడలాడింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత ఆడలేదు.

"నంబరు ఒకటేగా, ఎర్రదే చుట్టెయ్యి. మూత పెట్టాక లోపల రంగెవడు చూస్తాడు?" అన్నారు ఆయన.

"చూడరండీ, వింటారు."

నంబరు చెప్పేది రాగి మందాన్నే. దానిమీది పూత మందం వేరు. ఒక్క చుట్టుకు ఆ తేడా కంటికి ఆనదు. వేల చుట్లలో పేరుకుంటే చుట్ట ఒళ్ళు మారుతుంది, ఒళ్ళు మారితే గొంతు మారుతుంది. ఆ మాట చెబితే ఆయన "నీకు మరీ చాదస్తం" అన్నారు. వంకాయకు కూడా వంక పెట్టగలరు ఆయన.

వేట మొదలుపెట్టాను. మోటార్లకు తీగ చుట్టే షాపుకు వెళితే "ఫ్యానుకా, పంపుకా అమ్మా?" అన్నాడు. గిటారుకన్నాను. "సార్‌ని పంపండి" అన్నాడు. తీగల ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే ఎన్ని టన్నులు కావాలన్నాడు. ఒక్క కండె అన్నాను, పెట్టేశాడు. ఆన్‌లైన్లో తెప్పిస్తే ఫోటోలో వంకాయ, పెట్టెలో టమాటా. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. నేను డొంకలన్నీ కదిపాను, తీగే కదల్లేదు. విచిత్రం ఏమిటంటే ఒక్కరోజూ విసుగు రాలేదు. కూర తరుగుతూ పూతల గురించి ఆలోచించేదాన్ని. బట్టలారేస్తూ ఆ దండెం ఏ గేజో అంచనా వేసేదాన్ని. చివరికి పాత రేడియోలు అమ్మే ఆయన ఒక ఫోను నంబరిచ్చాడు. ఎప్పుడో మూతపడ్డ రిలే ఫ్యాక్టరీలో పనిచేసిన ఆవిడట. రిలే అంటే స్విచ్చిని కదిలించే చిన్న చుట్ట. నేనావిడకు రిలే అక్క అని పేరు పెట్టుకున్నాను. వెతికి చెబుతానంది. ఆ ఉదయం వచ్చిన ఫోను ఆవిడదే.

మధ్యాహ్నానికల్లా ఆవిడ ఇంట్లో ఉన్నాను. బిస్కెట్ల డబ్బాలో, పాత చీర ముక్కలో చుట్టిన కండె. చెయ్యి చాస్తే డబ్బా వెనక్కి లాక్కుంది.

"కళ్ళు మూసుకో చెల్లీ."

మూసుకున్నాను. నా వేళ్ళ మధ్యనుంచి ఒక తీగ లాగింది, తర్వాత ఇంకొకటి. "తేడా ఉందా?"

"మొదటిది జారిపోతోందక్కా. రెండోది వేలికి పట్టు ఇస్తోంది."

"ఆ రెండోదే నీది, తీసుకో" అని డబ్బా నా ఒళ్ళో పెట్టింది. "మా లైనంతా ఆడవాళ్ళమే. మగాడు సూపర్‌వైజరు ఒక్కడే. వాడికి చుట్టడం రాదు, మా చుట్టూ తిరగడం వచ్చు."

"మరి పెట్టెల మీద ఎవరి ముద్ర పడేది?"

"ఎవరిది పడుతుంది? వాడిదే."

"మీరేమీ అనలేదా?"

"అనుకున్నాం. అనలేదు" అని నవ్వేసి, టీ పెట్టడానికి లేచింది. నేనే లేచి పెట్టాను. ఎంతైనా పికప్‌ని.

మర్నాడు షాపు మూసి అందరూ కునుకు తీసే వేళ మిషను ముందు కూర్చున్నాను. తీగ కదిలింది. వంకాయరంగు గీత ఒకటి వెలుతురులో మెరుస్తూ, మాయమవుతూ, నా చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పరుగెత్తుతోంది. బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే వదులవుతుంది. పట్టుకున్నట్టు తెలియకుండా పట్టుకోవాలి. కాపురం నేర్పిన విద్యే అది, ఇక్కడికి మాత్రం పనికొచ్చింది. యంత్రాలు వరసగా చుడతాయి, మనం చెదురుగా చుడతాం. ఆ చెదురులోనే గొంతుంది. ఇంట్లో కప్పుల దగ్గర్నుంచి చెప్పుల దాకా వరసగా సర్దే నాకు లోకంలో చెదరగొట్టే హక్కున్న చోటు ఇదొక్కటే. "కళ్ళజోడెక్కడ పెట్టానే" అని అత్తగారి కేక. "నీలం చొక్కా ఏది?" అని ఆయన కేక. వినపడలేదని చెప్పను. విన్నాను, లేవలేదు. కళ్ళజోడూ దొరికింది, చొక్కా కూడా దొరికింది, ఆశ్చర్యంగా వాళ్ళకే. చివరి చుట్టు పడేసరికి నా వేళ్ళు పాట పాడి వచ్చినట్టు వెచ్చగా ఉన్నాయి.

ఇక చివరలు రెండూ అతికించాలి. ఆదివారం పొద్దున నేనా పనికి కూర్చోబోతుంటే జడాయన చెప్పినదానికంటే ముందే దిగాడు, వెంట బ్యాండు డ్రమ్మరు. ఆడపడుచు కూడా అప్పుడే వచ్చింది. అత్తగారు అందరికీ కుర్చీలు చూపిస్తున్నారు.

"సార్, మీ చేతిపని చూడాలి. అతికేది వీడియో తీసుకోవచ్చా?" అన్నాడు జడాయన.

ఆయన నావైపు చూడకుండా బల్ల ముందు కూర్చున్నారు. సోల్డరింగ్ ఐరన్ తీసుకుని తీగ కొసకు ఆనించారు. సీసం కరిగి తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయింది. "వేడెక్కలేదు" అన్నారు. మళ్ళీ ఆనించారు. మళ్ళీ దొర్లింది. ఎర్ర తీగ పూత ఐరన్ వేడికే కరిగిపోతుంది. ఈ పూత కరగదు, ముందు గీకాలి. ఆయన ఈ తీగను అప్పటిదాకా ముట్టుకోనేలేదు. మూడోసారి గట్టిగా నొక్కితే కొస పుటుక్కున తెగింది. మిగిలింది గోరంత. అదీ తెగితే కొస చుట్టలోపల కలిసిపోతుంది, మొత్తం విప్పి పారెయ్యడమే. కండెలో మిగిలిన తీగ ఇంకో పికప్‌కు చాలదు.

అప్పుడు నావైపు చూశారు. భోజనాల దగ్గర కూరలో ఉప్పు తక్కువైతే చూసే చూపు. దానికి నా జవాబు కూడా అందరికీ అలవాటైందే. గుమ్మంలోంచి "ఒక్కసారి లోపలికి రండి" అనాలి, చెవిలో చెప్పాలి, ఆయన బయటికొచ్చి తనకే తోచినట్టు చెయ్యాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నా కళ్ళు ఆ గోరంత కొస మీదే ఉన్నాయి. అది ఆయన వేళ్ళ మధ్య వణుకుతోంది.

"లేవండి" అన్నాను.

"నేను చూసుకుంటున్నాగా."

"చూసుకున్నది చాలండీ. ఇంకొక్కసారి నొక్కితే పోతుంది."

లేచారు. కూర్చున్నాను. సన్నటి గరుకు కాగితం మడతలో కొసను పెట్టి, రెండు వేళ్ళతో ఊపిరంత ఒత్తిడితో లాగాను. వంకాయ తొక్క కింద రాగి తళుక్కుమంది. ఐరన్ ఆనించాను. సీసం మరిగి, తీగను కావలించుకుని, ఆగింది. రెండో కొస కూడా గీకి అతికాను. మీటరు పెడితే ముల్లు లేచింది, తీగ లోపలెక్కడా తెగలేదన్నమాట. ఆ ముల్లుతోపాటు నేనూ లేవబోయి ఆగాను.

గిటారుకు బిగించాక జడాయన ఒక్క తీగ మీటాడు. ఆ గొంతులో వెచ్చదనం ఉంది, అంచున కాస్త గరుకూ ఉంది. ముందున్న బల్ల కూడా సన్నగా వణికింది. అతను అదే తీగను మళ్ళీ మీటాడు. "తాత వాయిస్తున్నట్టుంది" అన్నాడు తర్వాత. డ్రమ్మరు కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. జడాయన అలవాటుగా మా ఆయనవైపు తిరిగి "బ్రహ్మాండం సార్" అన్నాడు. ఆయన నవ్వబోయారు, నవ్వు సగంలో ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

ఆడపడుచు నా భుజం మీద చెయ్యి వేసింది. "వదినా, ఇంటిపనితోపాటు అన్నయ్యకి ఇందులో కూడా సాయం చేస్తావా నువ్వు? చెప్పనేలేదే."

గదిలో అందరూ నావైపే చూస్తున్నారు. వేలికి అంటిన వంకాయరంగు పొడిని తుడుచుకోకుండా కుర్చీ వాళ్ళవైపు తిప్పాను.

"అక్కడే అందరూ పొరబడ్డారమ్మా. షాపు ఫోన్లెత్తేది ఆయన, మూతలు బిగించేది ఆయన, పార్సిళ్ళు కట్టేది ఆయన, బాగా చేస్తారు కూడా. ఈ తీగ వెతికింది నేను. ఇది చుట్టింది నేను. షాపు తెరిచాక ఈ గుమ్మం దాటిన ప్రతి పికప్పూ నేనే చుట్టాను. సాయం చేసేది మీ అన్నయ్య."